భీముడి వెనకున్న బరువు

'నర్తనశాల' (1963) గురించి ఎవరు రాసినా బృహన్నలగా ఎన్టీఆర్, కీచకుడిగా ఎస్వీఆర్, ద్రౌపదిగా సావిత్రి దగ్గర ఆగిపోతారు. ఆ కీచకుణ్ణి చంపిన భీముడి గురించి ఒక వాక్యం కూడా దొరకదు.

ఆ భీముడు దండమూడి రాజగోపాలరావు. వృత్తి నటుడు కాదు, వెయిట్‌లిఫ్టర్. 1916లో ఉయ్యూరు దగ్గర గండిగుంటలో పుట్టారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో హెవీవెయిట్‌లో కాంస్యం తెచ్చారు. భీముడి వేషం వేసేనాటికి ఆయనకి నలభై దాటాయి.

బరువులెత్తేవాణ్ణి మల్లుడిగా చూపిస్తే అతుకుతుందా? కుస్తీ అంటే ఎదుటి మనిషి కదలికని పసిగట్టే విద్య. ఇనుముకి కదలికే లేదు. కానీ గ్రీకో-రోమన్ కుస్తీ సంగతి చూడండి. అందులో నడుం కింద పట్టకూడదు, కాళ్ళతో మెలిక వెయ్యకూడదు. ఛాతీ, భుజాలు, చేతుల బలంతోనే ఎదుటివాణ్ణి లేపి పడెయ్యాలి. దండమూడి కాలపు వెయిట్‌లిఫ్టింగ్‌లో 'ప్రెస్' అనే ఎత్తు ఉండేది: మోకాళ్ళ సాయం తీసుకోకుండా భుజాల మీంచి బరువుని పైకి నెట్టాలి. 1972 ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. ఈ రెండు విద్యలూ అడిగేది ఒకే రకం ఒళ్ళు. ఎస్వీఆర్ లాంటి నిండు విగ్రహం ఎదురుగా నిలబడ్డా చిన్నబోని ఒళ్ళు.

దర్శకుడు కమలాకర కామేశ్వరరావు ఈ ఎంపికలో చూపిన తెలివి రెండేళ్ళ తర్వాత ఆయనే తీసిన 'పాండవ వనవాసం'తో పోలిస్తే తెలుస్తుంది. అక్కడ భీముడు ఎన్టీఆర్. ఆ భీముడి బలం మాటలో, చూపులో, గద తిప్పే తీరులో ఉంటుంది. మనం నమ్మేది నటుణ్ణి. దండమూడి భీముడికి ఆ వాక్కు లేదు, కానీ మన నమ్మకం కోసం ఆయన అడగక్కర్లేదు. విరాటపర్వం అంతా బలాన్ని దాచుకున్నవాళ్ళ కథ. అర్జునుడు వేషంలో దాక్కోగలడు. వంటశాలలో వలలుడిగా ఉన్న ఈ మనిషి ఎక్కడ దాక్కుంటాడు? ఎప్పుడో ఒకప్పుడు బయటపడక తప్పదన్న భయం ఆ భుజాలు చూస్తేనే పుడుతుంది. కీచకవధ దాకా కథని లాక్కొచ్చే బిగువులో సగం అదే అని నా అభిప్రాయం.

నా ఫిర్యాదు సినిమా మీద కాదు, రాసేవాళ్ళ మీద. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి దండమూడి పేరుంది. పేరు మిగిలింది, ఆట మిగల్లేదు. 'ఆంధ్ర భీముడు', 'కలియుగ భీముడు' అని బిరుదులివ్వడం మనకి అలవాటు. బిరుదు ఇచ్చేశాక ఇక రాయాల్సిందేమీ లేదనుకుంటాం. వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రతి ప్రయత్నానికీ ఒక అంకె ఉంటుంది. ఏ ఏడు ఎంత ఎత్తాడు, ఎక్కడ తప్పాడు, ఏం తిన్నాడు, డబ్బెక్కణ్ణించి వచ్చింది, డెల్టా పల్లెలో ఇనుము ఎవరిచ్చారు? ఇవి రాస్తేనే జీవితచరిత్ర. అప్పటిదాకా ఆయన మనకి మూడు గంటల సినిమాలో కాసేపు కనబడే భీముడే.