ఆఖరి గ్లాసు ఏ రోజు?

చేతులు వణుకుతున్న మనిషి ముందు తెలివి పరీక్ష అని రంగు దిమ్మెలు పెట్టి గడియారం చూడకూడదు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆయనది మదనపల్లె. టమోటా మార్కెట్టులో క్రేట్లు ఎత్తే పని. తాగుడు ఆపిన నాలుగో రోజు నా ముందు కూర్చున్నాడు. కార్డులో ఉన్నట్టే దిమ్మెలు పేర్చాలి. ఒకటి సర్దితే ఇంకొకటి జారేది. నేనేమో సెకన్లు లెక్కపెడుతున్నాను. అంకెలు వెనకనుంచి చెప్పమంటే మూడింటి దగ్గరే ఆగిపోయాడు. తెలివి తక్కువని రిపోర్టు రాసిచ్చేశాను. మూడు వారాలకు మళ్లీ కూర్చోబెడితే అవే దిమ్మెలు చకచకా పేర్చాడు. రెండోసారి కాబట్టి కొంత అలవాటు కలిసొచ్చి ఉంటుంది. కానీ అసలు తేడా వణుకు తగ్గడమే. నా మొదటి కాగితం మాత్రం అప్పటికే ఇంటివాళ్ల చేతికి పోయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

తెలివిని, జ్ఞాపకాన్ని కొలిచే పనిముట్లకు కొదవ లేదు. చదువు రానివాళ్లకూ పెట్టదగిన పరీక్షలు సి.ఎం. భాటియా 1955లో ఇచ్చారు. జ్ఞాపకశక్తికి చండీగఢ్ పి.జి.ఐ. స్కేలు 1977 నుంచీ ఉంది, పది భాగాలు. అయితే కుప్పంలో ఇంట్లో అరవం, వీధిలో తెలుగు మాట్లాడే మనిషికి గుర్తుపెట్టుకోమనే వాక్యాలు ఏ భాషలో వినిపించామన్న దాన్నిబట్టే మార్కులు మారిపోతాయి.

పుంగనూరు నుంచి వచ్చిన ఇంకొకాయన సంగతి వేరు. పది దినాలుగా మంచం దిగని మనిషి, "నిన్న సంతకు పోయి ఆవును బేరమాడొస్తి సార్" అన్నాడు. పక్కనున్న భార్య తల కొట్టుకుంది. "ఈ అబద్ధాలతోనే సార్ మా బతుకు ఇట్లయింది."

అబద్ధం కాదమ్మా అది. జ్ఞాపకంలో పడిన గండిని మెదడు తనకు తెలియకుండానే పూడ్చుకుంటోంది. తిండి మానేసి తాగేవాళ్లలో బి1 విటమిన్ అడుగంటి ఇలా అవుతుంది. రష్యా వైద్యుడు కోర్సకోవ్ ఈ జబ్బును 1887లోనే వర్ణించాడు. ఇలాంటివాళ్లు అంకెలు అప్పటికప్పుడు అప్పజెప్పేస్తారు. పది నిమిషాలు బయటికెళ్లొస్తే నా మొహమే కొత్త. తెలివి మార్కు ఒక్కటే చూస్తే ఈ జబ్బు మన చేతికి చిక్కదు.

ఇప్పుడు ఎవరొచ్చినా పరీక్షల పెట్టె తెరిచే ముందే అడుగుతాను, ఆఖరుగా తాగింది ఎప్పుడని. ఆయన గుర్తుచేసుకునేలోపే ఇంటామె చెప్పేస్తుంది: "శివరాత్రి మర్నాడు సార్, పొద్దున్నే." ఆ తేదీ కాగితం పైన రాసుకుని, క్యాలెండరులో మూడు వారాలు లెక్కబెట్టి, అప్పుడు రమ్మంటాను.