పిల్లల కంచానికి పెరటి కోడి

హయత్‌నగర్ వంటి శివారు ప్రాంతాల ఊళ్లలో పెరటి కోళ్ల పెంపకం ఎక్కువగా ఆడవాళ్ల చేతి పని. దీనికి ఊతంగా రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ మాంసానికీ గుడ్లకూ వనరాజా రకం కోడిని, ముఖ్యంగా గుడ్ల కోసం గ్రామప్రియ రకాన్ని రూపొందించింది.

గుడ్లను 21 రోజులు పొదిగిస్తే పిల్లలు వస్తాయి. తొలి వారాలు వాటిని బల్బు వేడిలో సాకి, తర్వాత పెరట్లోకి వదులుతారు. పురుగులు, గింజలు ఏరుకుని తిరిగే కోళ్లకు సాయంత్రం గుప్పెడు నూకలు వేసి, రాత్రి పిల్లి అందుకోకుండా గంప కమ్ముతారు. కొక్కెర తెగులుకు టీకా వేయించకపోతే మంద మొత్తం పోవచ్చు; ఆఫ్రికా పల్లెల్లోనూ పెరటి కోళ్లకు ఇదే పెద్ద గండం, అక్కడ వేడిని తట్టుకునే టీకా ఆదుకుంటోంది.

వేళ తప్పని ఈ శ్రద్ధ ఎంతో గొప్పది. దానివల్లే పిల్లల కంచంలోకి గుడ్డు, గుడ్లమ్మిన డబ్బుతో వారి చేతికి పుస్తకాలు వస్తాయి.