డొక్క లోపలి ఇరుగుపొరుగు

పశువైద్య విద్యలో అడుగుపెట్టిన విద్యార్థిని తొలి రోజుల్లో ఎక్కువగా కంగారుపెట్టేది అంతరాంగ శాస్త్రం, అంటే ఛాతీ, ఉదరం, కటి కుహరాల్లోని అవయవాల రూపాన్నీ, నిర్మాణాన్నీ, అమరికనూ వివరించే విభాగం. ఆవు, గేదె, గొర్రె, మేక, గుర్రం, కుక్క, పంది, కోడి వంటి ఇన్ని ప్రాణుల కాలేయాలను, ప్లీహాలను, మూత్రపిండాలను, ఊపిరితిత్తులను ఒకదానితో ఒకటి పోల్చి గుర్తుంచుకోవలసి రావడంతో విద్యార్థులు సహజంగానే పేర్ల జాబితాలను ఆశ్రయిస్తారు. ఫార్మలిన్‌లో నిల్వచేసిన అవయవాన్ని ట్రేలో పెట్టి, ఇదేమిటి, ఏ జంతువుది అని అడిగే పరీక్ష ఆ అలవాటును ఇంకా పెంచుతుంది. ఆ ప్రశ్న అవసరమైనదే గాని చాలదు. రేపు పశువైద్యుడు తేల్చుకోవలసింది చర్మం కింద, పక్కటెముకల వెనుక, కంటికి కనబడకుండా పనిచేస్తున్న అవయవం సంగతి కనుక, ఏది ఎటు పక్కన ఉంది, దేనిని ఆనుకొని ఉంది అనే ఇరుగుపొరుగు జ్ఞానమే ఈ శాస్త్రానికి ప్రాణం.

నెమరువేసే పశువుల పొట్టలో నాలుగు గదులుంటాయి. మేసిన గడ్డి చేరి సూక్ష్మజీవుల చర్యతో పులిసే పెద్ద గది రూమెన్. దానికి ముందు, ఛాతీని ఉదరం నుంచి వేరుచేసే కండరపు పొర అయిన ఉదరవితానాన్ని ఆనుకొని ఉండే చిన్న గది రెటిక్యులం. లోపలి పలుచని మడతలతో నీటిని పీల్చుకునేది ఒమేసం. జీర్ణరసాలను స్రవించే అసలైన జఠరం అబోమేసం. పెద్ద ఆవులో వంద లీటర్లకు మించి పట్టే రూమెన్ ఉదరంలోని ఎడమ సగాన్ని దాదాపు పూర్తిగా ఆక్రమిస్తుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే కాలేయం కుడివైపుకు ఎందుకు జరిగిందో, పేగులు కుడి సగంలోనే ఎందుకు సర్దుకున్నాయో, ఎడమ మూత్రపిండం సైతం నడిమి గీత దాటి కుడివైపు ఎందుకు వేలాడుతుందో వేరుగా వల్లెవేయనక్కరలేదు. కడుపుబ్బరంతో పశువు ప్రాణాపాయంలో పడినప్పుడు, గొట్టంలో అమర్చిన మొనదేలిన పరికరమైన ట్రోకార్‌ను గుచ్చి వాయువును వదలడానికి ఎడమ డొక్కనే ఎంచుకోవడానికీ, పట్టణ వీధుల్లో ప్లాస్టిక్ సంచులు మింగిన ఆవుల రూమెన్‌ను తెరిచి శుభ్రం చేసే శస్త్రచికిత్సను అక్కడి నుంచే మొదలుపెట్టడానికీ కారణం ఇదే. ఆరోగ్యంగా ఉన్న పశువు ఎడమ డొక్క మీద స్టెతస్కోపు ఆనిస్తే రూమెన్ ముడుచుకునే శబ్దం రెండు నిమిషాలకు రెండు మూడుసార్లు వినిపిస్తుంది.

రెటిక్యులం చిన్నదే అయినా, నేర్పే పాఠం పెద్దది. ఆవులు, గేదెలు మేతను నాలుకతో లోపలికి లాక్కొని సరిగా నమలకుండానే మింగుతాయి గనుక గడ్డిలో కలిసిన తీగముక్క, మేకు వంటివి నోటి దగ్గర వేరుపడవు. బరువైన ఆ లోహం రెటిక్యులంలో చేరి, ఆ గది బలంగా ముడుచుకున్నప్పుడల్లా దాని గోడలోకి దిగుతుంది. ఆ గోడకు అవతల ఉదరవితానం, దానికి అవతల కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే గుండె ఉన్నాయి. తీగ మొన ఆ దారిన సాగితే గుండెను చుట్టి ఉండే సంచిలో చీము పడుతుంది. మెడ సిరలు ఉబ్బుతాయి, గంగడోలుకు నీరు దిగుతుంది, పశువు ముందుకాళ్ల మోచేతులను ఎడంగా పెట్టి నిలబడి, పల్లానికి దిగడానికి మొరాయిస్తుంది. పొట్టలోని మేకుకూ గంగడోలు వాపుకూ ఉన్న సంబంధాన్ని ఏ జాబితా చెప్పలేదు. కోసిన కళేబరంలో రెటిక్యులం, ఉదరవితానం, గుండె, ఈ మూడింటి మధ్య దూరాన్ని తన వేళ్లతో కొలిచి చూసుకున్న విద్యార్థికి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఈ అమరిక ఒకే పశువులో కూడా జీవితాంతం ఒకేలా ఉండదు. అప్పుడే పుట్టిన దూడలో అన్నిటికన్నా పెద్ద గది అబోమేసం. పాలు చీకేటప్పుడు రెటిక్యులం గోడలోని గాడి గొట్టంగా మూసుకొని, పాలను రూమెన్‌లో పడనీయకుండా ముందుకు పంపుతుంది. దూడ గడ్డి కొరకడం మొదలుపెట్టాకే రూమెన్ పెరిగి తన చోటును ఆక్రమించుకుంటుంది. ఇతర జంతువుల తేడాలు కూడా ఇలాగే వాటి బతుకుతెరువుతో కలిపి చదవదగినవి: గుర్రానికి పిత్తాశయం లేదు, జఠరం చిన్నది, పీచు పులిసే పనంతా వెనుకనున్న అంధనాళంలోనూ పెద్దపేగులోనూ జరుగుతుంది, కోడిపెట్టలో సాధారణంగా ఎడమ అండాశయమే పనిచేస్తుంది.

1761లో ఫ్రాన్సులోని లియాన్‌లో పశువైద్య పాఠశాలను స్థాపించిన క్లోద్ బూర్జెలా అశ్వశాస్త్ర నిపుణుడు. ఆ సంప్రదాయంలో వచ్చిన పాశ్చాత్య గ్రంథాలు చాలాకాలం గుర్రాన్నే ముందు నిలిపాయి. హైదరాబాదులో 1946 నుంచి, తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల నడుస్తున్న తెలుగునాట రైతు ఇంటి ముందు కట్టి ఉండేది గేదె, ఆవు కాబట్టి, ఇక్కడి చదువుకు అవే మూలం కావడం న్యాయం. చూడి పరీక్షలో వైద్యుడి చెయ్యి ఏమీ కనబడని చోట కటి ఎముక అంచునూ, గర్భకోశాన్నీ, ఎడమవైపు రూమెన్‌నూ, వేలాడే మూత్రపిండాన్నీ తడిమి పోల్చుకోవాలి. ఫార్మలిన్ రంగును మార్చి, మెత్తదనాన్ని పోగొట్టిన అవయవం ఒక్కటే ఆ స్పర్శను నేర్పలేదు. కబేళా నుంచి తెచ్చిన తాజా అవయవాన్ని కూడా విద్యార్థి చేతిలో పెట్టాలి. విచ్ఛేదనశాల పక్కనే బతికున్న గేదెను నిలబెట్టి, దాని చర్మం మీద సుద్దముక్కతో రూమెన్, గుండె, కాలేయం హద్దులను విద్యార్థుల చేతనే గీయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి కళాశాలలో ఉపాధ్యాయులు వారానికి ఒక గంటైనా దీనికి కేటాయించాలి.