గెలుపు సగం, ఆట మొత్తం

ఆన్‌లైన్ చదరంగంలో ఎంత బాగా ఆడేవాళ్లయినా ఇంచుమించు సగం ఆటలు ఓడిపోతారు. నిట్టూరుస్తూ అంటున్న మాట కాదిది, ఆ సైట్లు నడిచే లెక్కే అంత. మనం ఆడతామని నొక్కగానే, మన ఆట బలాన్ని అంకెలో చెప్పే రేటింగ్‌కి దగ్గరగా ఉన్నవాళ్లను వెతికి ఎదురుగా కూర్చోబెడతాయి. గెలిచామా, అంకె పెరిగి ఈసారి ఇంకాస్త గట్టివాళ్లు తగులుతారు. ఓడామా, అంకె తగ్గి కొంచెం తేలికైనవాళ్లు వస్తారు. అలా పైకీ కిందికీ జరుపుతూ జరుపుతూ గెలుపూ ఓటమీ సరిసమానమయ్యే చోట మనల్ని నిలబెడతాయి. 1200 దగ్గర ఆడే కుర్రాడికీ, 2000 దగ్గర ఆడే మాస్టారికీ గెలుపోటముల పాళ్లు దాదాపు ఒకటే. మరీ పైన, తమకు సమానులు దొరకని ఏ కొద్దిమందికో తప్ప ఈ లెక్క నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

‘కాస్త ఆట మెరుగుపడనీ, గెలుస్తుంటాను, అప్పుడు హాయిగా ఆడుకుంటాను’ అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ రోజు రాదు. ఆట మెరుగుపడితే ప్రత్యర్థులు మారతారు, గెలుపుల వాటా అంతే ఉంటుంది. అందుకని రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో రెండు మూడు ఆటలు ఆడుకునే నాలాంటివాళ్లు ఒక సంగతి తేల్చుకోవాలి. సంతోషాన్నంతా గెలుపుకే ముడిపెడితే సగం సాయంత్రాలు ముందే వదులుకున్నట్టు. ఆ సగాన్నీ దక్కించుకోవాలంటే సంతోషం ఆటలోనే ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఈ రేటింగ్‌కి మూలపురుషుడు అర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి, అమెరికాలోని మిల్వాకీలో భౌతికశాస్త్రం బోధించిన ప్రొఫెసర్. తనూ మంచి ఆటగాడే. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. సమానులు తలపడితే చెరి సగం, 200 తేడా ఉంటే పైచేయి వాళ్లకు నూటికి 76 పాయింట్లు, 400 ఉంటే 91 అన్నది ఆ పద్ధతి వేసే అంచనా. ఇంత చేసిన ఎలో తన కొలతను తనే ఒకదానితో పోల్చాడు. గాలికి ఊగుతున్న తాడుకు గజంబద్ద కట్టి, నీళ్ల మీద ఎగిరెగిరి పడే బిరడా ఎక్కడుందో కొలవడం లాంటిదన్నాడు. కొలబద్ద చేసినాయనకే దాని మీద అంత నమ్మకం. మనం మాత్రం ఆరు పాయింట్లు పోయాయని నిద్ర చెడగొట్టుకుంటాం.

తర్వాత 1990లలో మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త ఈ అంకెకు తోడుగా ఇంకో అంకె పెట్టాడు. మొదటిదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో రెండోది చెబుతుంది. అది 50 అయితే, మన అసలు బలం చూపిస్తున్న రేటింగ్‌కి పైన వంద, కింద వంద మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అర్థం. ఉచితంగా ఆడుకోనిచ్చే లీచెస్ సైటు ఈ పద్ధతినే వాడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు 1500 ఇచ్చి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెడుతుంది. కొన్ని ఆటలయ్యాక ఆ గుర్తు తీసేస్తుంది కానీ, నన్నడిగితే అందరికీ శాశ్వతంగా ఉంచేయాలి.

వరస ఓటముల సంగతీ అంతే. డ్రాలను పక్కనబెడితే, సమానులతో ఆడే నాలుగాటలూ మనమే ఓడే అవకాశం పదహారింట ఒకటి. రోజుకు నాలుగాటలు ఆడేవాళ్లకు నెలలో ఒకటి రెండు రోజులు నాలుగూ పోవడం మామూలే. బుర్ర మొద్దుబారిందనో, ఆట మరిచిపోయామనో కారణాలు తవ్వుకోనక్కర్లేదు. ప్రమాదమల్లా ఆ తర్వాతి ఆటతోనే. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత ఇక్కడ పనికిరాదు. పంతం పట్టినవాళ్లు పది నిమిషాల ఆట నుంచి మూడు నిమిషాల బ్లిట్జ్‌కీ, అక్కణ్ణించి ఒక్క నిమిషం బుల్లెట్‌కీ దిగుతారు. ఆలోచించే వ్యవధి తగ్గేకొద్దీ ఆటలో మిగిలేది గెలుపోటములే. చూడ్డానికి ఎత్తులంటూ ఏమీ ఉండవు.

నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. లీచెస్ సెట్టింగుల్లో రేటింగులేవీ కనిపించకుండా చేసే వీలుంది. ఆడేటప్పుడు బోర్డు మీద తప్ప దేని మీదకీ చూపు పోకుండా చేసే జెన్ మోడ్ కూడా ఉంది. నేను రెండూ వాడతాను. ఎదుటివారి అంకె తెలియకపోతే, పెద్ద అంకె చూసి బెదరడం, చిన్న అంకె చూసి చులకన చేయడం రెండూ తప్పుతాయి. వాళ్లు వేసిన ఎత్తే వాళ్ల పరిచయం. బుల్లెట్ జోలికి పోను. చెరి పావుగంట, ఎత్తుకు పది సెకన్లు కలిసే ఆట నాకు సరిపోతుంది. ఒక ఓపెనింగ్ పట్టుకుంటే కొన్ని నెలలు దాంతోనే కాపురం. ఈమధ్య తెల్లపావులతో కింగ్స్ గాంబిట్ ఆడుతున్నాను. రెండో ఎత్తుకే ఒక బంటును ఎరగా పెట్టి, రాజు ముంగిలి తెరిచేసుకునే దుస్సాహసం అది. గట్టివాళ్ల ముందు నిలవడం కష్టమంటారు. నిలవకపోయినా, పది ఎత్తులు తిరక్కుండానే బోర్డు మంటల్లో ఉంటుంది. నాకు కావలసింది అదే.

ఆట ముగిశాక కంప్యూటర్ విశ్లేషణ వెంటనే తెరవను. ముందు ఆటంతా ఒకసారి వెనక్కి తిప్పి, నచ్చిన ఎత్తు ఒకటి ఏరి నోటుబుక్కులో రాసుకుంటాను. అది నాది కావొచ్చు, అవతలివారిది కావొచ్చు. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్ అనే చదరంగ ప్రోగ్రామ్ చెప్పే పాఠం. టోర్నమెంట్లలో ఆటయ్యాక ఇద్దరూ పక్కకెళ్లి, పావులు మళ్లీ పేర్చి, ‘ఇక్కడ గుర్రం వస్తే ఏం చేసేవాడివి’ అని చర్చించుకునే ఆచారం ఉంది. పోస్ట్‌మార్టమ్ అంటారు దాన్ని. గెలిచినవారూ ఓడినవారూ మళ్లీ ఒక పక్షమయ్యేది అక్కడే. ఆన్‌లైన్‌లో అది లేదు, అందుకే ఈ నోటుబుక్కు.

మరి గెలవాలని ఆడక్కర్లేదా? ఆడకపోతే ఆటే లేదు. గడియారం తిరుగుతున్నంతసేపూ ఉన్న తెలివంతా పెట్టి గెలవడానికే ఆడాలి. నాలుగెత్తులకే విసుగొచ్చి వదిలేసేవాళ్లు, ఓడిపోతున్నామని తెలిసి ఎత్తు వేయకుండా టైమ్ అయిపోయేదాకా అవతలివారిని కూర్చోబెట్టేవాళ్లు ఫలితాన్ని పట్టించుకోనివాళ్లు కారు. ఫలితం తప్ప ఇంకేమీ పట్టనివాళ్లు.

సంతోషం ఆటలోనే ఉందన్న నా మాటకు పాత సాక్ష్యం ఒకటుంది. 1851లో లండన్‌లో తొలి అంతర్జాతీయ టోర్నమెంటు జరిగింది. జర్మనీకి చెందిన అడాల్ఫ్ ఆండర్సన్ నెగ్గాడు. ఆ రోజుల్లోనే అతను లియొనెల్ కీసెరిట్స్కీ అనే ఆటగాడితో సరదాగా, పోటీలో లెక్కకు రాని ఆట ఒకటి ఆడాడు. కింగ్స్ గాంబిట్టే. ఒక శకటును, రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా బలిచ్చి, మిగిలిన చిన్న పావులతో ఆటకట్టు దారి చూపించాడు. తర్వాత ‘ఇమ్మోర్టల్ గేమ్’ అని పేరు పడింది దానికి. ఆ టోర్నమెంటు వివరాలు ఇవాళ చరిత్రకారులకు కావాలి. ఈ ఆట మాత్రం చదరంగం నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ చూపిస్తారు. నాకు ఇందులో ఎక్కువ నచ్చేది ఆండర్సన్ కాదు, కీసెరిట్స్కీ. తను చిత్తుగా ఓడిన ఆటను తన సొంత చదరంగ పత్రికలో తనే అచ్చువేశాడు. తన పేరుకు అందరి కళ్లెదుటా దెబ్బ తగిలినా, ఎదుటివాడి ఎత్తుల అందం దాచుకోలేకపోయాడు.

అంకెల్లోనే బతకాల్సిన వృత్తి ఆటగాళ్లకూ ఒక ఓటమిని పక్కన పెట్టడం తప్పదు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీల్లో మన గుడివాడ కోనేరు హంపి మొదటి రౌండులోనే ఓడిపోయారు. పదకొండు రౌండ్లు పూర్తయ్యేసరికి 8.5 పాయింట్లతో ఆమే ఛాంపియన్. ప్రపంచ కిరీటం పణంగా ఉన్నచోట ఆమె ఆ ఓటమిని దించుకున్నారు. ఏ పణమూ లేని మనం ఫోన్లో ఓడిన ఆటను మర్నాడు ఆఫీసుకు కూడా మోసుకెళతాం.

లెక్కతో మొదలుపెట్టాను కాబట్టి ఒక లెక్క మిగిలింది. మనం ఓడే సగం ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు గెలిచే సగం అదే. వరంగల్‌లోనో, వార్సాలోనో, పేరు తెలియని ఎవరో ఆ రాత్రి మన రాజును కట్టేసి ఇంట్లోవాళ్లను పిలిచి చూపించుకుంటారు. చూపించుకోనిద్దాం. తేరగా దొరికిన గెలుపైతే మాత్రం వాళ్లకు చూపించుకోవడానికేమీ ఉండదు. చివరి బంటు దాకా పోరాడి ఓడటం మన వంతు మర్యాద.