ఇంటిపేరు ముందా, వెనకా? - ఇంగ్లీషు అసైన్‌మెంటు ఫార్మాట్ మీద కొన్ని ప్రశ్నలు

డిగ్రీ క్లాసులో ఇంగ్లీషు అసైన్‌మెంటుకు ఇచ్చే ఫార్మాట్ షీటును ఎవరూ పాఠంగా చదవరు. మేం చదవదలిచాం. తెలుగు, ఉర్దూ మీడియంల నుంచి పాతబస్తీ కాలేజీలకు వచ్చే పిల్లల్ని వాళ్లేం ఆలోచించారన్న దానికన్నా ముందు, మార్జిను ఎంత వదిలారన్న దాంతో కొలిచేది ఈ కాగితమే కనక.

ఇంగ్లీషు విభాగాల్లో ఎక్కువగా చెల్లేది ఎంఎల్ఏ పద్ధతి. మన శాసనసభ్యులతో దీనికి సంబంధం లేదు. ఇది 1883లో అమెరికాలో పుట్టిన మోడ్రన్ లాంగ్వేజ్ అసోసియేషన్ నియమావళి. హ్యాండ్‌బుక్ మొదటి ముద్రణ 1977లో, తొమ్మిదోది 2021లో వచ్చాయి. నాలుగు వైపులా అంగుళం మార్జిను, డబుల్ స్పేసు, ఎనిమిదిన్నర బై పదకొండు అంగుళాల కాగితం. మన జిరాక్సు షాపులో దొరికేది ఏ4. డబుల్ స్పేసు అంటే పేజీలు రెట్టింపు. పేజీకింత అని కట్టి టైపు చేయించుకునే పిల్లకు అది స్పేసు కాదు, ఖర్చు.

అసలు పేచీ పేరు దగ్గరుంది. ప్రతి పేజీకీ కుడివైపు పైన 'చివరి పేరు', పేజీ నంబరు వేయాలి. ఆధారాల జాబితాలోనూ చివరి పేరే ముందు రావాలి. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. 1996లో 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ' రాసిన కంచ ఐలయ్యను ఈ లెక్కన 'ఐలయ్య, కంచ' అని రాస్తే సొంత పేరు ఇంటిపేరై కూచుంటుంది. చైనా, జపాన్ పేర్ల వరస తిప్పొద్దని ఆ హ్యాండ్‌బుక్కే చెప్తుంది. ఆ మాట మన పేర్లకు ఎందుకు వర్తించదు? ముస్లిం అమ్మాయి పేరు చివర బేగం, సుల్తానా ఉన్నంత మాత్రాన అవి ఇంటిపేర్లయితయా? ఇక దళిత విద్యార్థికి ఇంటిపేరు వట్టి అక్షరాలు కాదు. దాన్ని విప్పి రాయమంటే చాలాసార్లు కులం విప్పమన్నట్టే.

ఈ నగరం పేర్ల మీద పోరాడిన నగరం. మాదరి భాగయ్య భాగ్యరెడ్డి అయ్యాడు, ఆర్యసమాజం బిరుదుతో వర్మ అయ్యాడు, ఆది హిందూ ఉద్యమం నడిపాడు. ఫార్మాట్ ప్రకారం ఆయన 'వర్మ, భాగ్యరెడ్డి'. ఎవరో ఇచ్చిన బిరుదు ముందుకొచ్చింది. మాదరి అన్న మాట ఆ వరసలో ఎక్కడా లేదు.

అట్లాగని ఫార్మాటే వద్దని మేం అనడం లేదు. కొలంబియాలో చదివిన అంబేద్కర్ శాస్త్రాలను ఊరికే తిట్టలేదు, మూలాలు చూపించి నిలదీశాడు. ఏ మాట ఎవరిదో చెప్పడం మనకు మర్యాద మాత్రమే కాదు, న్యాయం. మాల మాదిగ ఆడవాళ్ల పాటలెన్నో 'జానపదం' అన్న పేరుతో, సేకరించినవాళ్ల పేరు మీద అచ్చయ్యాయి. పాడిన మనిషి పేరు ఎక్కడికి పోయింది?

విచిత్రమేమంటే ఈ పద్ధతిలోనే ఇంటర్వ్యూకు చోటుంది. మాట చెప్పిన మనిషి పేరు అక్కడ ముందొస్తుంది. పాట చెప్పిన నాయనమ్మ పేరును పుస్తకం రాసిన ప్రొఫెసరు పేరు పక్కన, అదే వరసలో పెట్టొచ్చు. ఆ దారి చూపకుండా కామాలు లెక్కపెట్టడమే ఇంగ్లీషు చదువు అనుకోవడం ఆధిపత్యం కాక మరేమిటి?

1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియాను మొదలుపెట్టిన నగరంలో మేం అడిగేది పెద్దదేం కాదు. చేతిరాతనూ ఏ4నూ అంగీకరించండి. పేరు ఎట్లా రాయాలో ఆ పేరు గల మనిషినే తేల్చుకోనివ్వండి. ముందు వాదనకు మార్కులు వేసి, తర్వాత మార్జిను నేర్పండి. నేర్పనిదానికి మార్కులు కోయడం బోధన కాదు, వడపోత.