సుజేర్ రాసిన లెక్కలు, రాయని పేర్లు

గోథిక్ నిర్మాణం ‘కాంతి తత్వం’ నుంచి పుట్టిందన్న మాట కళాచరిత్ర పుస్తకాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. పారిస్ ఉత్తర శివారులోని సెయింట్ డెనీ మఠం చర్చిని అందుకు సాక్ష్యంగా చూపిస్తారు. 1122 నుంచి 1151లో చనిపోయేదాకా ఆ మఠానికి అధిపతిగా ఉన్న సుజేర్, దైవకాంతి గురించి పాత క్రైస్తవ గ్రంథాల్లో చదివి ఆ భావానికి రాతిలో రూపమిచ్చాడని వాదన. 1946లో ఎర్విన్ పనోఫ్‌స్కీ సుజేర్ లాటిన్ రచనలను ఇంగ్లీషులోకి తెచ్చి పెద్ద పీఠికతో ప్రచురించాక ఈ వాదనకు బలం వచ్చింది. 1987లో పీటర్ కిడ్సన్ దీన్ని గట్టిగానే ఎదుర్కొన్నాడు. ఆ తగవు కళాచరిత్రకారులది. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సుజేర్‌ని ఒక వచన రచయితగా చదివితే ఏం దొరుకుతుందన్నదే నాకు కావలసింది.

తన పరిపాలన గురించి సుజేర్ రాసిన పుస్తకం కాంతితో మొదలవదు, రాబడితో మొదలవుతుంది. మఠం కింద ఉన్న ఊళ్ళేవి, ఎక్కడ శిస్తు ఎంత పెరిగింది, ఎక్కడ కొత్తగా జనాన్ని దింపి బీడు సాగులోకి తెచ్చాడు - ఇదంతా ఓపికగా చెప్పుకొస్తాడు. దివాణం లెక్కల పుస్తకం లాంటిది ఆ మొదటి భాగం. పనోఫ్‌స్కీ తన సంపుటంలో ఆ భాగాన్ని వదిలేసి, కట్టడం ప్రస్తావన వచ్చే చోటు నుంచే అనువదించాడు. కళాచరిత్రకారుడుగా ఆయనకది సహజమే కావచ్చు. కానీ ఇంగ్లీషులో చదివే తరాలకు దాని ఫలితం ఏమిటి? శిస్తు వసూలు చేసిన సుజేర్ వెనక్కి పోయి, కాంతిని ధ్యానించిన సుజేర్ ఒక్కడే మిగిలాడు. వస్తువును కత్తిరించి శిల్పాన్ని మెచ్చుకోవడం అంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అనువదించిన భాగంలోనూ లెక్కలు పూర్తిగా పోలేదు. తూర్పు భాగం కట్టడానికి ఏడాదికి రెండు వందల పౌన్లు కేటాయించానని సుజేరే చెప్తాడు. అందులో నూట యాభై పండగలకూ సంతకూ వచ్చే జనం వేసిన కానుకలు, మిగతా యాభై ఒక గ్రామం మీద రాబడి. కాంతికి పెట్టుబడి ఎక్కడిదో ఆయనకు బాగా తెలుసు. దాచాలనీ అనుకోలేదు.

ఇక కట్టడం. పడమటి ముఖభాగానికి 1140 జూన్ 9న ప్రతిష్ఠ జరిగింది. నెల తిరగ్గానే, జూలై 14న తూర్పు భాగానికి శంకుస్థాపన. 1144 జూన్ 11న రాజు ఏడవ లూయీ సమక్షంలో దాని ప్రతిష్ఠ. నాలుగేళ్ళలోపు! బలిపీఠం చుట్టూ తిరిగే నడవ రెండు వరసలుగా ఉంటుంది. దాని అంచున గుళ్ళు విడివిడి గదులుగా కాక, ఒకదానిలో ఒకటి కలిసిపోయి అలల్లా వంపులు తిరుగుతాయి. కొనదేలిన కమాను బర్గండీలో ముందే ఉంది. రాతి పక్కటెముకల మీద కప్పును నిలిపే పద్ధతి 1093లో మొదలైన ఇంగ్లండులోని డరమ్ చర్చిలో ఉంది. సెయింట్ డెనీ మేస్త్రీలు ఆ రెంటినీ కలిపి, బరువును సన్నని స్తంభాల మీదికి దించారు. అప్పుడు బయటి గోడకు మోయవలసిన బరువు తగ్గింది. తగ్గిన చోట కిటికీ పెట్టారు. కాంతి వచ్చిన దారి ఇదీ.

ఇంకా కప్పు పడని ఆ పక్కటెముకలు ఒక గాలివానలో ఊగిపోయి, కూలకుండా నిలబడ్డాయని సుజేర్ రాశాడు. ఆయన దృష్టిలో అది దైవకృప. ముందు ఎముకలు కట్టి తర్వాత కప్పు నింపే పనితనం మొత్తం మనకు ఆ వాక్యాల్లోనే దొరుకుతుంది.

పాంట్వాజ్ రాతిగని ఘట్టం మరీ విలువైనది. స్తంభాలను రోము నుంచి సముద్రం మీదుగా తెప్పించాలని కూడా ఆలోచించిన మనిషికి దగ్గర్లోనే మంచి గని దొరికింది. ఒకరోజు కుండపోత వాన. రాళ్ళు లాగేవాళ్ళు పని వదిలి వెళ్ళిపోయారు. బళ్ళు తోలుకొచ్చినవాళ్ళు పొద్దు వృథాగా పోతోందని గోల పెట్టారు. చివరికి బలహీనులు, వికలాంగులు, కొందరు పిల్లలు - మొత్తం పదిహేడు మంది - తాడు కట్టి, మామూలుగా నూట నలభై మంది, కనీసం నూరుమంది లాగవలసిన రాతిని గోతిలోంచి పైకి లాగారట. సుజేర్‌కు ఇది డెనీ మహిమ. మహిమ అనిపించాలంటే మామూలు రోజున ఎంతమంది కావాలో చెప్పక తప్పదు. ఆ అవసరం కొద్దీ ఒక్క రాయి వెనక నూరు మంది ఉన్నారన్న లెక్క, వానకు పని ఆగిందన్న సంగతి, బళ్ళవాళ్ళ చిరాకు, అన్నీ పుస్తకంలోకి ఎక్కేశాయి. రచయిత ఉద్దేశాన్ని దాటి రచన నిజం చెప్పడం అంటే ఇదే. మనం దీన్ని బాల్జాక్ దగ్గరే వెతుకుతుంటాం.

పేర్లు మాత్రం లేవు. బంగారు శిలువ పీఠానికి లొరేన్ నుంచి వచ్చిన కంసాలులు ఒకప్పుడు ఐదుగురు, ఒకప్పుడు ఏడుగురు రెండేళ్ళు పని చేశారంటాడు. లెక్క సరిగ్గా ఉంది, పేరు ఒక్కటీ లేదు. తూర్పు నడవను ఊహించిన మేస్త్రీ ఎవరో ఒక్క మాట లేదు.

అదే కాలంలో, 1125 ప్రాంతంలో, క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు చర్చిల ఆడంబరాన్ని నిలదీశాడు. పేదవాడి ఆకలిని పక్కన పెట్టి గోడలకు బంగారం ఎందుకన్నాడు. మనవాళ్ళు కొందరు ఆయనను చూసి ముచ్చటపడతారు. నాకంత ముచ్చట లేదు. ఆయన ప్రధానంగా మాట్లాడింది సన్యాసుల నియమం గురించి. ఊళ్ళలో జనానికి చిత్రాలూ అలంకారాలూ ఉండవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు.

శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ తర్వాత రాళ్ళెత్తిన కూలీల ప్రశ్న మన విమర్శలో అరిగిపోయేంతగా వాడాం. ప్రశ్న వేసి, పాత గ్రంథాన్ని ‘భూస్వామ్య సాహిత్యం’ అని పక్కకు నెట్టి, వ్యాసం ముగిస్తున్నాం. జవాబులో కొంత భాగం ఆ భూస్వామి రాసిన పుస్తకంలోనే ఉందని సుజేర్ చూపిస్తున్నాడు. విద్యార్థులు మన శాసనాలను, కావ్యాల అవతారికలను ఇలా చదవాలని నా కోరిక. ఎవరిని పొగిడారన్నది ఎలాగూ కనిపిస్తుంది. ఆ పొగడ్త కోసం ఏ లెక్క చెప్పక తప్పలేదో చూడాలి.

సుజేర్ కట్టించిన తూర్పు భాగంలో పై అంతస్తు ఇప్పుడు లేదు. 1231లో మొదలైన పనిలో దాన్ని తీసి మళ్ళీ కట్టారు. 1793లో విప్లవ ప్రభుత్వం అక్కడి రాజుల సమాధులు తవ్వించింది. నడవ, దాని సన్నని స్తంభాలు నిలిచాయి. తూర్పు వైపు ఒక గుడి కిటికీలో, మరియమ్మ పాదాల దగ్గర సాష్టాంగపడిన సుజేర్ బొమ్మ ఉంది. పక్కనే ఆయన పేరు కూడా రాసి ఉంది.