ఏప్రిల్‌లో సీతాఫలం

మొన్న హైదరాబాద్‌లో ఒక పెళ్లి విందులో సీతాఫల్ మలాయ్ వడ్డించారు. నడి ఏప్రిల్‌లో! నోట్లో పెట్టుకోగానే మంచు పలుకులు పంటికి తగిలాయి. గుజ్జు గోధుమరంగుకు తిరిగింది, గిన్నె అడుగున నీళ్లు తేరాయి. ఏ కాలపు పండు ఆ కాలంలోనే తినాలని నేనెంతగా పోరుతుంటానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను.

కానీ సీతాఫలం దగ్గర ఆ వాదన నిలవదు. దసరా రోజుల్లో పాలమూరు వైపు వెళ్తే రోడ్డు పక్కన గంపలు, వాటి వెనక ఆడవాళ్లు కనిపిస్తారు. గుట్టల్లో, గట్ల మీద వాటంతటవే పెరిగిన చెట్ల కాయలవి. కన్ను విచ్చిన కాయ కోస్తే నాలుగు రోజుల్లో పండుతుంది, పండితే మర్నాటికి చితికిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది. మామిడి రసంలా కాచి డబ్బాకెత్తుదామంటే, వేడి తగిలిన గుజ్జు చేదెక్కుతుంది. ఇక మిగిలింది గడ్డకట్టించడమే. పొద్దుగూకేసరికి మిగిలిన గంప మట్టిపాలు కాకుండా, ఏరినవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు పడాలంటే డీప్ ఫ్రీజర్ ఉండాల్సిందే. సీతాఫలానికి ఏప్రిల్‌లోనూ చోటుంది.

మరి ఆ గిన్నెలో చెడిందేమిటి? గుజ్జు కరిగి మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై పండు కణాలను చీలుస్తాయి. ఈసారి కరిగేటప్పుడు నీరు విడిపోతుంది. అందుకే సరుకు దిగేటప్పుడే చూసుకోవాలి. సంచి లోపల మంచు పేరుకున్నా, గుజ్జు ఒక మూలకు జారి గడ్డకట్టినా అది దారిలో కరిగిందన్న అనుమానమే, తిప్పి పంపాలి. మన దగ్గరికి వచ్చాక మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకన్నా చల్లగా ఉంచాలి. తేదీ రాసి, పాతది ముందు వాడాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అయిదు కిలోల దిమ్మ. చవకని కొంటారు. రెండు కిలోల అవసరానికి మొత్తం కరిగిస్తారు, మిగతాది మళ్లీ ఫ్రీజర్‌లోకి తోస్తారు. రూపాయి ఎక్కువైనా అరకిలో పల్చటి సంచులే కొనాలి. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి మెల్లగా కరగనివ్వాలి, కాచిన పాలు పూర్తిగా చల్లారాకే కలపాలి.

కేటరింగ్ చేసే అన్నలూ, అక్కలూ, ఫ్రిజ్‌లో కరిగించిన గుజ్జు మిగిలితే ఆ రాత్రే మీ వంటవాళ్లకు, వడ్డించిన పిల్లలకు పెట్టేయండి. మళ్లీ గడ్డకట్టించి ఇంకో పెళ్లికి పంపకండి.